పాతగూడెము కొలబద్ద
(ఉగాది ఉత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



మేము చదివినది మెట్రిక్కు వరకే. చేయునది రైల్వేలో గుమాస్తా పని. ఇటువంటివారిని పిలిచి నదీజలములను గూర్చి మాట్లాడుమని మన కార్యదర్శిగారు ఏల కోరినారో మాకు మొదట తెలియలేదు. మా ఊరు పాతగూడెము గనుక, అది ఇంద్రావతి ఒడ్డున ఉన్నది గనుక అడిగితిమని చెప్పినారు. ఏటి ఒడ్డున పుట్టినవానికి నీటి సంగతి తెలియునని వారి నమ్మకము కాబోలు. తెలిసినంతవరకు చెప్పెదము.

బల్లార్షాలోని మన పిల్లలలో చాలమంది పాతగూడెము చూడలేదు. సిరొంచ నుండి అంకీసా, ఆసరల్లి దాటి పోయిన తరువాత రోడ్డు ఇంద్రావతి దగ్గరకు వచ్చును. ఇవతల మహారాష్ట్ర, అవతల ఛత్తీస్‌గఢ్. కొంత దిగువకు పోయి గోదావరిలో కలిసిన చోట ఎదుటి ఒడ్డు తెలంగాణ. మేము బడిలో చదివినది మరాఠీ, ఇంట మాట్లాడినది తెలుగు, సంతలో విన్నది గోండీ. ఇప్పుడు వంతెన ఉన్నది గాని, మా చిన్నతనమున పడవయే గతి. మా మేనత్తను అవతలి ఒడ్డున భోపాలపట్నము వైపు ఇచ్చినారు. శ్రావణములో ఆమె పుట్టింటికి రావలెనన్న ముందు ఏరు ఒప్పుకోవలెను, తరువాతనే మామగారు.

ఈ ఇంద్రావతి ఒడిశాలోని కలహండి కొండలలో పుట్టి, జగదల్‌పూరు మీదుగా బస్తరు అంతయు తిరిగి, సుమారు 535 కిలోమీటర్లు నడచి గోదావరిని చేరును. ఒడిశాలో ఎగువ ఇంద్రావతి ఆనకట్ట కట్టి కొంత నీటిని మహానది వైపునకు మళ్ళించి, ముఖీగుడాలో 600 మెగావాట్ల విద్యుత్తు తీయుచున్నారు. ఒడిశా, ఛత్తీస్‌గఢ్ సరిహద్దున జోరా అను వాగు ఒకటి ఉన్నది. ఏటి నీరు ఎక్కువగా అటు మళ్ళిపోవుచుండుటచే వేసవిలో జగదల్‌పూరు దగ్గర ఏరు ఎండుచున్నదని అక్కడివారి మొర. 1975లో జరిగిన ఒప్పందము ప్రకారము సరిహద్దు దగ్గర 45 టి.ఎం.సి.ల నీరు రావలెను. వాగు దగ్గర రెండు ప్రభుత్వములు కలిసి కట్టడములు కట్టినవి. ఐనను వాదము మాత్రము ఎండలేదు.

మా దిక్కున ఒప్పందములకు కొదవ లేదు. గోదావరి జలవివాదముల ట్రిబ్యునలును 1969లో వేసినారు. బచావత్‌గారి అధ్యక్షతన అది 1980లో తుది తీర్పు ఇచ్చినది. ఈలోగా 1978లో ఇంద్రావతి సంగమమునకు దిగువన ఇచ్చంపల్లి దగ్గర పెద్ద ఆనకట్ట కట్టుటకు ఆంధ్రప్రదేశ్, మహారాష్ట్ర, మధ్యప్రదేశ్ ఒప్పుకొన్నవి. ఇంద్రావతి మీద భోపాలపట్నము దగ్గర మరియొకటి కట్టవలెనని వేరొక యోచన. ఇవి కట్టినచో మునుగునది మా అడవి, మా పల్లెలు. 1984లో బాబా ఆమ్టేగారు, ఆదివాసీ పెద్దలు కలిసి మానవ్ బచావో జంగల్ బచావో అని ఉద్యమము లేపినారు. ఆ ఆనకట్టలు లేవలేదు. అవి వచ్చియుంటే ఈ ప్రసంగము చేయుటకు మాకు ఊరే ఉండెడిది కాదేమో. అట్లని ఆనకట్టలన్నియు చెడ్డవని మేము అనము. కాటన్ దొరగారి ఆనకట్ట అన్నము తిన్నవారు ఈ సభలోనే ఎందరో ఉన్నారు.

మేడిగడ్డ సంగతి మీకు తెలిసినదే. 2016 ఆగస్టు 23న తెలంగాణ, మహారాష్ట్ర ముఖ్యమంత్రులు సంతకములు చేసినారు. నీటిమట్టము 100 మీటర్లని నిశ్చయించినారు. 2019 జూను 21న ప్రారంభోత్సవమునకు ఇద్దరును వచ్చినారు. 2023 అక్టోబరులో స్తంభములు కొన్ని క్రుంగగా నీటిని వదలివేసినారు. తప్పు ఎవరిదో తేల్చువారు వేరే ఉన్నారు. మేము గమనించినది ఒక్కటే: ఈ కాగితములన్నిటిలోను ఎవరికెన్ని టి.ఎం.సి.లు, ఎన్ని మీటర్లు అని ఉండును గాని, ఏరు పొంగిన రాత్రి ఒడ్డున పండుకొన్నవానిని ఎవరు లేపవలెను అన్నది మా కంటికి కనబడలేదు.

ఇక 2022 జూలై మాట చెప్పవలెను. ఆ వారము మా చిన్నాన్న ఇంట టి.వి. పగలు రాత్రి మ్రోగుచునే ఉన్నది. తెలుగు వార్తలలో భద్రాచలములో మొదటి హెచ్చరిక 43 అడుగులు, రెండవది 48, మూడవది 53 అని గంటగంటకు చెప్పుచున్నారు. చివరకు జూలై 16న 71 అడుగులు దాటినది. చిన్నాన్న భద్రాచలము రాములవారిని తలచుకొని జాలిపడుచు కూర్చున్నాడు. కాని భద్రాచలము మాకు దిగువ గదా! మా నీరే అక్కడికి పోవును. గోదావరి నిండుగా ఉన్నప్పుడు ఇంద్రావతికి పోవు దారి లేక వెనుకకు తన్నును. దిగువ ఊరి వార్త వినుచుండగానే తన పత్తి చేనులోనికి నీరు వచ్చినది. ఎద్దులను విప్పుటకు వ్యవధి దొరికినది, ఎరువు బస్తాలకు దొరకలేదు. ఎగువన నీరెంత ఉన్నదో ముందు రోజున ఒక్కరు చెప్పియున్నచో బస్తాలు కూడ దక్కెడివి. అప్పు తెచ్చి కొన్న ఎరువు అది. ఆ అప్పు తీర్చుటకు మా తమ్ముడు చదువు మానుకొని మిర్చి కోతలకు పోయినాడు.

ఇందులో విచిత్రమేమనగా, కేంద్ర జల సంఘమువారి నీటి కొలబద్ద మా పాతగూడెములోనే ఉన్నది! గోదావరిలో కలియుటకు ముందు ఇంద్రావతిని కొలుచునది అక్కడనే. దిగువ గోదావరిలో వరద అంచనా వేయువారికి ఆ అంకె ఎంతో ముఖ్యము. చిన్నప్పుడు మేము గట్టుమీద నిలబడి, నీరు ఏ గీత దగ్గర ఉన్నదో చూచి పందెములు వేసికొనెడివారము. అది దిగువవారికి వార్త. మాకు మాత్రము వచ్చిపడిన నీటి లెక్క. మాకు కావలసిన అంకె ఎగువన జగదల్‌పూరు వైపున ఉండును.

మా రైల్వేలో లైన్ క్లియరు అని ఒక పద్ధతి కలదు. ముందటి స్టేషను మాస్టరును అడిగి, ఆయన సరేనని ఒప్పుకొననిదే బండిని ఇవతల స్టేషను విడువరాదు. ఇక్కడ మన బల్లార్షాలో మధ్య రైల్వే, దక్షిణ మధ్య రైల్వే ఒకదానినొకటి కలియుచున్నవి. ఆఫీసులు వేరు, జీతముల చిట్టాలు వేరు, అప్పుడప్పుడు తగవులును కలవు. ఐనను బండి విషయములో ఒక స్టేషను మరియొక స్టేషనుకు చెప్పకుండుట అన్నది లేదు. ఏటికి ఎర్రజెండా చూపి ఆపలేము, నిజమే. కాని బండి బయలుదేరినదని ముందటి స్టేషనుకు చెప్పవచ్చును గదా.

2023లో కేంద్ర జల సంఘమువారు ఫ్లడ్‌వాచ్ ఇండియా అను యాప్‌ను తెచ్చినారు. నదుల మట్టములు సెల్‌ఫోనులో చూడవచ్చును. అది వచ్చినది ఇంగ్లీషు, హిందీలలో. మా చిన్నాన్నకు రెండును రావు. కిందటి వానకాలములో మా పెద్దబ్బాయి బల్లార్షా నుండి ప్రతి సాయంత్రము ఆ అంకెలు చూచి, తెలుగులో ఫోనుచేసి చిన్నాన్నకు చెప్పినాడు. చిన్నాన్న మేనత్తకు చెప్పినాడు. ఆమె అవతలి ఒడ్డువారికి గోండీలో చెప్పినది. మూడు రాష్ట్రములు కూర్చుండి చేయవలసిన పని మా ఇంట ముగ్గురు చేసినారని మురిసిపోలేము. అబ్బాయికి పరీక్షలు వచ్చిన వారములో ఫోను వెళ్ళలేదు. అదృష్టవశాత్తు ఆ వారము వాన లేదు.

ఒక్క పిల్లవానిమీద ఊరు ఆధారపడరాదు. మన సంఘమున బొగ్గుగనులవారు, కాగితపు మిల్లువారు, రైల్వేవారు కలరు. నదీతీరపు ఊళ్ళలో బంధువులు లేని ఇల్లు తక్కువ. వంతులు వేసికొని, జ్యేష్ఠమునుండి ఆశ్వయుజము వరకు, ఒక్కొక్క ఇల్లు ఒక్కొక్క ఊరికి ఫోను చేయవలెనని మా కోరిక. అంకెలతో పాటు తేదీ, గంట తప్పక చెప్పవలెను. నిన్నటి అంకెను నేటిదనుకొన్నచో ప్రమాదము. దీనితోపాటు మూడు ప్రభుత్వములకును ఒకే అర్జీ వ్రాయుదము: ఎగువ కొలతలు దిగువ గ్రామ పంచాయతీకి ఆ ఊరి భాషలో ప్రతిదినము పంపవలెనని. మరాఠీ ప్రతిని మేము వ్రాసెదము. హిందీ ప్రతి వ్రాయువారు ఒకరు కావలెను.

పేర్లు ఇవ్వదలచినవారు స్టేషనులో పార్సిలు ఆఫీసు కిటికీ దగ్గర మమ్ము కలిసికొనవచ్చును. పగటి డ్యూటీ అయినచో సాయంత్రము ఐదింటి వరకు అక్కడనే ఉందుము.