కువైట్‌లో మాకు కరోనా వచ్చినప్పుడు
(మండల సమాఖ్య మహాజనసభలో కువైట్ నుంచి తిరిగి వచ్చిన సభ్యులు చేసిన ప్రసంగ పాఠం)



మేము ముగ్గురం. ముగ్గురమూ కువైట్‌లో ఇంటిపని చేసి వచ్చినవాళ్ళమే. మైకు ముందర ఒకరే నిలబడినా చెప్పేది ముగ్గురి మాట. ఏది ఎవరికి జరిగిందో పేరు పెట్టి చెప్పము. పని చేసిన ఇండ్ల పేర్లు కూడా చెప్పము. మన ఆడోళ్ళు ఇంకా ఆ వీధుల్లోనే పని చేస్తా ఉండారు. మేము మైకులో మాట్లాడిన దానికి వాళ్ళకు అక్కడ ఇబ్బంది రాకూడదు.

మన రాజంపేట, రాయచోటి పక్క వాళ్ళకు కువైట్ అంటే ఏమిటో చెప్పే పని లేదు. ఆ డబ్బుతో లేచిన మిద్దెలు ప్రతి వీధిలో ఉన్నాయి. మిద్దె అందరికీ కనిపిస్తుంది. అక్కడ జబ్బు చేస్తే ఏమవుతుందో మాత్రం ఎవరూ అడగరు, పోయి వచ్చినవాళ్ళూ చెప్పరు. చెబితే రెండో తూరి పోవడానికి ఇంట్లో ఒప్పుకోరని భయం. అందుకే ఈ సభలో చెప్పాలని అనుకున్నాము.

2020 ఫిబ్రవరి 24న కువైట్‌లో మొదటి కేసులు బయటపడినాయి. మార్చి 13 నుంచి విమానాలు ఆపేసినారు. 22 నుంచి సాయంత్రం 5 గంటలకు కర్ఫ్యూ. అదే సమయానికి మన దేశం కూడా విమానాలు ఆపేసింది. ఇంక అటు నుంచి ఇటు రావడానికి దారే లేకపోయింది. వచ్చేవాళ్ళు రాలేక, పోయినవాళ్ళు తిరగలేక ఎక్కడివాళ్ళు అక్కడే ఉండిపోయినారు.

కర్ఫ్యూ అంటే మీకు ఇక్కడ పని లేక ఇబ్బంది. మాకు అక్కడ పని ఎక్కువై ఇబ్బంది. ఇంట్లో పది మంది ఉంటే పది మందీ ఇంట్లోనే. బడి లేదు, ఆఫీసు లేదు. ఒకరు లేచేది పొద్దున 7కి, ఇంకొకరు లేచేది మధ్యాహ్నం 2కి. ఎవరు లేస్తే వాళ్ళకు టీ, నాస్తా. తలుపు గుబ్బల నుంచి కూరగాయల సంచుల దాకా బ్లీచింగ్ నీళ్ళతో తుడవాలి. చేతులు తోలు ఊడినాయి. ఏప్రిల్ 24న రంజాన్ నెల మొదలైంది. ఇంక రాత్రంతా వంట, పగలంతా కడుగుడు. వారానికి ఒక రోజు సెలవు ఉండాలని, పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదని ఆ దేశంలోనే 2015 నుంచి చట్టం ఉంది. 68వ నంబరు చట్టం అంటారు. అది మాకు అక్కడ ఉండగా చెప్పినవాళ్ళు లేరు. ఇక్కడికి వచ్చినాక తెలిసింది.

మే 10 నుంచి 30 వరకు పూర్తి కర్ఫ్యూ పెట్టినారు. ఆ రోజుల్లోనే మాలో ఒకరికి జ్వరం వచ్చింది. ఒళ్ళంతా ఇరగ్గొట్టినట్టు నొప్పులు. ఎండకేమో, పనికేమో అనుకుని పనడోలు మాత్ర వేసుకుని పని చేసింది. అరబ్బుల ఇండ్లలో సాయంత్రం బుఖూర్ పొగ వేస్తారు. మనం సాంబ్రాణి వేసినట్టు. ఆ పొగ ముక్కు దగ్గర పెట్టుకున్నా వాసన తెలియలేదు. అప్పుడు అర్థమైంది. మేడంతో "అనా తాబానా" అని చెప్పింది. నాకు ఒంట్లో బాగలేదు అని. ఈ రెండు మాటలు కువైట్ పోయే ప్రతి ఆడమనిషీ విమానం ఎక్కక ముందే నేర్చుకోవాలి.

ఆ ఇంటి వాళ్ళు మంచోళ్ళే అనాలి. పరీక్ష చేయించినారు. పాజిటివ్ అని వచ్చింది. మిద్దె మీద గదిలో పెట్టినారు. ఫోనులో "శ్లోనిక్" అనే యాప్ వేయించినారు. ఇల్లు దాటి పోకుండా కనిపెట్టే యాప్ అది. శ్లోనిక్ అంటే వాళ్ళ భాషలో ఎట్లున్నావు అని. ఆ పద్నాలుగు దినాలు ఎట్లున్నావు అని అడిగింది ఆ ఫోను ఒక్కటే అని మేము నవ్వుకుంటాము. అప్పుడు నవ్వు రాలేదు. అన్నం పళ్ళెం మెట్ల మీద పెట్టి పోయేవాళ్ళు. మే నెల ఎండ, పైన సిమెంటు మిద్దె, ఏసీ పని చెయ్యదు. రాత్రిళ్ళు ఊపిరి ఆడకపోతే లేచి గోడకు ఆనుకుని కూర్చునేది. ఇంటికి ఇమోలో ఫోను చేస్తే కూతురు మొఖం చూసి ఏడుపు వస్తుందని, వీడియో తీసేసి మాట మాత్రమే మాట్లాడేది. దగ్గు వస్తే ఫోను కింద పెట్టేది. ఆ నెల జీతంలో పద్నాలుగు దినాలది పట్టుకున్నారు. మంచోళ్ళు అన్నాము కదా. అయినా పట్టుకున్నారు.

ఇంకొకరికి ఆ మాత్రం కూడా లేదు. జ్వరం అని తెలిసిన రాత్రే బట్టల సంచి గేటు బయట పెట్టినారు. కర్ఫ్యూలో రోడ్డు మీద మనిషి కనపడితే పోలీసులు పట్టుకుంటారు. పక్క ఇంటి డ్రైవరు మన కడప పక్క ఆయనే. ఆయన 112కి ఫోను చేసినాడు. అంబులెన్సు వచ్చి తీసుకుపోయింది. ఆస్పత్రిలో తొమ్మిది రోజులు ఆక్సిజన్ పెట్టినారు. డబ్బు అడగలేదు. కేరళ నర్సు ఒకామె రోజూ వచ్చి తమిళం, మలయాళం కలిపి ఏదో మాట్లాడేది. సగం అర్థమయ్యేది. ఆ సగంతోనే ధైర్యం వచ్చింది. ఆస్పత్రి నుంచి వదిలినాక ఎక్కడికి పోవాలి? పాస్‌పోర్టు ఆ ఇంట్లోనే ఉంది. మన ఎంబసీ వాళ్ళు ఇట్లాంటి ఆడవాళ్ళ కోసం నడిపే షెల్టరుకు చేరేసరికి ఒక నెల పట్టింది. పాస్‌పోర్టు బదులు ఎంబసీ ఇచ్చిన తెల్ల కాగితం మీద ఇంటికి వచ్చింది.

మూడో ఆమె సంగతి వేరు. యజమాని కొడతాడని ముందు ఏడాదే ఇల్లు వదిలి బయటపడింది. అట్లాంటి వాళ్ళను అక్కడ కల్లివల్లి అంటారు. జలీబ్‌లో ఒక గదిలో తొమ్మిది మంది. ఏప్రిల్ మొదటి వారంలో జలీబ్‌ను, మహబూలాను పూర్తిగా మూసేసినారు, చుట్టూ కంచె వేసి. ఇండ్లలో గంటల లెక్కన చేసే పని పోయింది. తొమ్మిది మందికి ఒక పూట ఖబూస్ రొట్టె, పప్పు. అకామా లేనివాళ్ళకు ఏప్రిల్ నెలలో కువైట్ వాళ్ళు క్షమాభిక్ష పెట్టినారు. జరిమానా లేదు, టిక్కెట్టు వాళ్ళదే. మన ఇండియా వాళ్ళకు 16 నుంచి 20 వరకు తేదీలు ఇచ్చినారు. ఆ వరసలో నిలబడి పేరు రాయించుకుంది. క్యాంపు అని ఒక బడిలో పెట్టినారు. కాని మన దేశం విమానాలకు తలుపు తెరిచింది మే 7న, వందే భారత్ మొదలైనప్పుడు. ఆ మధ్య కాలమంతా బడి గదుల్లో మంచం పక్కన మంచం. జబ్బు అక్కడే తగులుకుంది. జ్వరం ఉందని తెలిస్తే విమానం ఎక్కనియ్యరని, పక్క మంచం వాళ్ళకు కూడా చెప్పకుండా తడి గుడ్డ మొఖం మీద వేసుకుని పడుకున్న ఆడోళ్ళు ఎంతమందో. వాళ్ళను తప్పు పట్టే ముందు ఆ బడిలో నాలుగు వారాలు ఉండి చూడాలి.

ఊరికి వచ్చినాక క్వారంటైన్ అయిపోయినా, నెగటివ్ కాగితం చేతిలో ఉన్నా, మా వీధి కొళాయి దగ్గర బిందె పెట్టనియ్యలేదు. కువైట్ డబ్బు వచ్చినప్పుడు చేబదులు అడిగిన ఇండ్లే అవి. దాన్ని గురించి ఇంతకన్నా మాట్లాడము. మా సంఘం అక్కలు మాత్రం వాళ్ళు కుట్టిన మాస్కులు, బియ్యం, కందిపప్పు గడప ముందర పెట్టి, దూరం నుంచి కేక వేసి పోయినారు. అది మరిచిపోలేదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాము.

మేము పోయింది నలుగురం. వచ్చింది ముగ్గురం. నాలుగో అక్కకు జూన్‌లో జబ్బు చేసింది. అంబులెన్సు ఎక్కిన దినం కూతురికి ఫోను చేసి, సంఘం కంతు కట్టినారా అని అడిగింది. ఆ తర్వాత ఫోను మోగలేదు. నాలుగు దినాలకు కబురు వచ్చింది. అక్కడే పూడ్చినారు. ఇంటి వాళ్ళు ఫోటో కూడా చూడలేదు. అరబ్బీలో ఉన్న మరణ పత్రం, దానికి ఎంబసీ కాగితం, అన్నీ చేతికి వచ్చేసరికి ఏడు నెలలు. ఆ ఏడు నెలలు బ్యాంకులో, రేషన్ దగ్గర, అన్ని చోట్లా ఆమె బతికే ఉన్నట్టు లెక్క. బీమా ఏమైనా వస్తుందా అని తిరిగినారు. ఇ.సి.ఆర్. పాస్‌పోర్టుతో సక్రమంగా పోయేవాళ్ళకు ప్రవాసీ భారతీయ బీమా ఉంటుంది. రెండేళ్ళకు 275 రూపాయలు, మూడేళ్ళకు 375. ఆ 10 లక్షలు ప్రమాదంలో పోతేనే. జ్వరంతో పోతే రావు. ఏజెంటు దొడ్డిదారిన పంపినవాళ్ళకు అదీ లేదు, పేరు ఎక్కడా ఎక్కదు.

ఆమె పేరు మీద బ్యాంకు లింకేజీ అప్పు 32 వేలు మిగిలి ఉండింది. సంఘం తొమ్మిది మందీ పంచుకుని కట్టినారు. ఎవరూ గొణగలేదు. ఆమె పొదుపు మాత్రం అట్లే ఉంది. కూతురికి ఇప్పుడు 19 ఏళ్ళు. అమ్మ స్థానంలో నన్ను సంఘంలో చేర్చుకోండి, పొదుపు నా పేరుకు మార్చండి అని ఆ పిల్ల అర్జీ పెట్టుకుంది. గ్రామ సంఘంలో రెండు సమావేశాలు దాటినాయి. అట్లాంటి రూలు ఉందో లేదో చూడాలన్నారు. రూలు కోసం ఆగితే ఆ పిల్లను కూడా ఏజెంటు తీసుకుపోతాడు. ఇప్పటికే ఒకడు వచ్చి పోయినాడు, వయసు 30 అని రాయించి పంపిస్తానని. 30 ఏళ్ళు నిండని ఆడపిల్లను ఇంటిపనికి పంపకూడదని మన దేశంలో రూలు ఉందని మీ అందరికీ తెలియాలి. ప్రభుత్వ సంస్థ ఓంక్యాప్ ద్వారా కాకుండా పంపే ఏజెంటును నమ్మొద్దు.

ఇంకొకటి అడుగుతాము. ప్రతి గ్రామ సంఘంలో ఒక పుస్తకం పెట్టండి. బయట దేశంలో ఉన్న సభ్యురాలి పాస్‌పోర్టు జిరాక్సు, అకామా కాపీ, యజమాని ఫోను నంబరు, పంపిన ఏజెంటు పేరు అందులో ఉండాలి. మేము ఆస్పత్రిలో ఉన్నప్పుడు మా ఇంటి వాళ్ళ దగ్గర ఇవి ఏమీ లేవు. ఎంబసీకి ఫోను చేస్తే మొదట అడిగేది పాస్‌పోర్టు నంబరే. జబ్బుతో పడినామె కంతులు మూడు నెలలు ఆపి, వడ్డీ మీద వడ్డీ వెయ్యకుండా చూడాలని కూడా తీర్మానం కావాలి. మూడు నెలలు చాలు, అంతకన్నా అడగము.

ఆ పిల్ల ఈ రోజు సభకు వచ్చింది. మూడో వరసలో కూర్చుని ఉంది. అర్జీ మా ఊరి యానిమేటరు దగ్గర ఉంది. తీర్మానాల పుస్తకం మూసే ముందర దాన్ని చదివించమని అధ్యక్షురాలు అక్కను అడుగుతున్నాము.