వెన్నుపాము నేర్పిన నడక

భౌతికశాస్త్రం బోధించిన ఒక ఉపాధ్యాయుని స్మృతిలో జరిగే ఈ ఉపన్యాసానికి నడక కూడా ఒక విషయమేనా అని కొందరికి అనిపించవచ్చు. కానీ రోబోలు చేసేవాళ్లను దశాబ్దాలపాటు ముప్పుతిప్పలు పెట్టింది నడకే. 1997లోనే కంప్యూటర్ చదరంగంలో ప్రపంచ చాంపియన్‌ను ఓడించింది. ఎగుడుదిగుడు నేల మీద రెండు కాళ్లతో తడబడకుండా నడిచే యంత్రం మాత్రం అప్పటికి లేదు.

మెదడు ఆజ్ఞాపిస్తుంది, కండరాలు పాటిస్తాయి అని బడిలో చదువుకున్నాం. ఆ పాఠం అసంపూర్ణమని బ్రిటిష్ శాస్త్రవేత్త థామస్ గ్రాహం బ్రౌన్ 1911లోనే చూపించారు. మెదడుతో సంబంధం తెగిన పిల్లి వెన్నుపాము, కాళ్ల నుంచి కబురు అందకపోయినా, నడకకు కావలసిన లయను సొంతంగా పుట్టించింది. తర్వాతి కాలంలో స్టాక్‌హోమ్‌లోని కరోలిన్స్కా సంస్థలో స్టెన్ గ్రిల్నర్ బృందం లాంప్రే అనే దవడల్లేని జలచరం మీద ఏళ్లపాటు పనిచేసింది. దాని వెన్నుపామును వేరుచేసి, ద్రావణంలో ఉంచి, నాడీకణాలను ఉత్తేజపరిచే రసాయనం కలిపితే, ఈదేటప్పుడు పుట్టే సంకేతాలే అందులోనూ పుట్టాయి.

ఈ విషయం ఇంజనీర్లకు అందిన తీరు ఇంకా ఆసక్తికరం. సాలమాండర్ నేల మీద నడుస్తుంది, నీళ్లలో ఈదుతుంది. దాని నడిమెదడులో ఒకచోట కొద్దిగా విద్యుత్ ప్రేరణ ఇస్తే నడక మొదలవుతుంది. ప్రేరణ పెంచితే కాళ్లు ఆగిపోయి, ఒళ్లంతా అలలా తిరుగుతూ ఈత మొదలవుతుంది. అంటే మెదడు చెబుతున్నది ఎంత జోరు కావాలో మాత్రమే. మిగతాదంతా వెన్నుపాము చూసుకుంటోంది. స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో ఔకె ఐస్పీర్ట్ బృందం ఫ్రెంచ్ జీవశాస్త్రజ్ఞులతో కలిసి దీన్ని రోబోలో పెట్టి, 2007లో ‘సైన్స్’ పత్రికలో ప్రకటించింది. కాళ్లను నడిపే లయకేంద్రాలు నెమ్మదివి. ప్రేరణ హద్దు దాటితే అవి ఆగిపోతాయి. వెన్నెముక పొడవునా ఉన్నవి మరింత వేగం అందుకుంటాయి. ఈ తేడాను సమీకరణాల్లో రాసేసరికి, ఒక్క సంకేతాన్ని పెంచడంతోనే రోబో నడక నుంచి ఈతకు మారింది. దీనివల్ల జీవశాస్త్రానికీ మేలు జరిగింది. శిలాజాల్లో నాడులు మిగలవు. పాత ఈత నాడీవలయానికి కాళ్ల నాడీవలయాలు తోడై జంతువులు నేలకెక్కి ఉంటాయన్న ఊహను పరీక్షించడానికి ఒక శరీరం దొరికింది.

శరీరం వంతు కూడా తక్కువేమీ కాదు. మోటారు గానీ కంప్యూటర్ గానీ లేని కాళ్ల జత వాలు మీద చక్కగా నడవగలదని 1990లో కెనడాలో టాడ్ మెక్‌గీర్ చూపించారు. ఆ కాళ్లు లోలకాల్లా ఊగుతాయి కాబట్టి, లోలకం పాఠం చెప్పే ప్రతి తరగతిలోనూ చూపించదగ్గ ప్రయోగమది. ఆ సూత్రంతోనే కార్నెల్ విశ్వవిద్యాలయంలో చేసిన రోబో, బరువును, దూరాన్ని బట్టి లెక్కిస్తే, దాదాపు మనిషికయ్యే శక్తితోనే చదును నేల మీద నడిచింది. హోండా తయారుచేసిన ఆసిమో రోబోకు అంతకు పది రెట్లకు పైగా శక్తి కావాలని 2005లో పరిశోధకులు అంచనా కట్టారు.

ఇక నేర్చుకోవడం. 1920లలో మాస్కోలో నికొలాయ్ బెర్న్‌స్టయిన్ సుత్తి పట్టే కార్మికుల కీళ్ల దగ్గర చిన్న బల్బులు కట్టి ఫోటోలు తీశారు. ఆరితేరిన పనివాడి సుత్తి గురి తప్పడం లేదు. భుజం, మోచేయి మాత్రం ఏ రెండు దెబ్బలకూ ఒకేలా కదలడం లేదు. నేర్పంటే ఒకే కదలికను వల్లెవేయడం కాదని అప్పుడే తేలింది. ఏడాది, ఏడాదిన్నర వయసు పిల్లలు ఆడుకుంటూ గంటకు సగటున 2,368 అడుగులు వేస్తారనీ, 17 సార్లు పడతారనీ న్యూయార్క్‌లో కారెన్ అడాల్ఫ్ బృందం 2012లో లెక్కించింది. జ్యూరిక్‌లో ఎనిమల్ అనే నాలుగు కాళ్ల రోబోకు ఇలాంటి అభ్యాసాన్నే కంప్యూటర్‌లోని నమూనా లోకంలో ఇచ్చారు. పడ్డాక లేవడం అది అలాగే నేర్చుకుంది.

వీటన్నిటికీ అసలైన విలువ మాత్రం ఆసుపత్రిలోనే కనిపిస్తుంది. వెన్నుపాము దెబ్బతిన్నప్పుడు, గాయానికి దిగువన ఉన్న నాడీవలయాలు చాలావరకు బతికే ఉంటాయి. వాటికి పైనుంచి కబురు అందదు, అంతే. లోజాన్‌లోనే గ్రెగ్వార్ కూర్టిన్, నాడీ శస్త్రవైద్యురాలు జోస్లిన్ బ్లాక్ బృందం ఆ వలయాలకు విద్యుత్ ప్రేరణ అందిస్తూ వచ్చింది. ఏళ్ల క్రితం ప్రమాదంలో నడక కోల్పోయిన ఒక డచ్ వ్యక్తి విషయంలో ఇంకో అడుగు ముందుకు వేసింది. మెదడు పైన అమర్చిన పరికరం ఆయన నడవాలనుకున్న సంకల్పాన్ని చదివి, గాయాన్ని దాటించి, కింది వెన్నుపాముకు చేరవేస్తుంది. 2023లో ‘నేచర్’లో వచ్చిన ఆ నివేదికలో అన్నిటికన్నా ముఖ్యమైన విషయం వేరే ఉంది. కొంతకాలం అభ్యాసం చేశాక, పరికరాన్ని ఆపేసినా, ఆయన ఊతకర్రలతో నడవగలిగారు. యంత్రం ఆయన బదులు నడవలేదు. ఆయన నాడులకు పని అప్పగించింది. ఇది ఒక్కరి ఫలితమే, అందరికీ దక్కే చికిత్సగా ఇంకా మారలేదు. అయినా పునరావాస యంత్రాలకు డబ్బు ఖర్చుపెట్టేవారు ముందుగా అడగాల్సిన ప్రశ్న ఇక్కడే ఉంది: రోగి శరీరం చేయగలిగిన పనిని ఈ యంత్రం చేయనిస్తోందా, లాగేసుకుంటోందా?