ఉగాదికీ ఏరువాకకూ నడుమ



ఉగాది వెళ్ళింది. ఇప్పుడు మెట్ట రైతుకు పెళ్ళిళ్ళు, జాతరలు, చెరువు మట్టి తోలకం తప్ప పెద్దగా పని లేదని లోకం అనుకుంటుంది. నేను ట్రాక్టర్లూ, వాటి వెనుక తగిలించే పనిముట్లూ అమ్మి, వాటికి మరమ్మతు కూడా చేసే అంగడివాడిని. అనంతపురం వైపు వేరుసెనగ రైతులే మా ఖాతాదారులు. మా అంగడి అరుగు మీద కూర్చుని చూచేవాడికి చైత్ర వైశాఖాలు ఖాళీ మాసాలుగా కనిపించవు. పంట ఆ రెండు నెలల్లోనే సగం నిర్ణయమైపోతుంది. ఎట్లాగో మనవి చేస్తాను.

ఎద్దుల సేద్యం ఉన్న రోజుల్లో ఇది ఎవరికీ చెప్పవలసిన మాట కాదు. ఉగాది దాటగానే వడ్రంగి వాకిట మేడులు, గుంటకలు, జడ్డిగాలు చేరేవి. కమ్మరి కొలిమి దగ్గర కర్రులు కుప్పపడేవి. రైతు ఇచ్చే మేర గింజలకు వాళ్ళు ఏరువాకలోగా అన్నీ సాగదీసి, చెక్కి, బిగించి ఇచ్చేవారు. వాన పడిన నాడు కొలిమి దగ్గరకు పరుగెత్తే రైతును ఊరంతా నవ్వేది. ఇప్పుడు కొలిమి బజారుకు వచ్చి వర్కుషాపు అయింది. పనిముటు మారిందే గాని కాలం మారలేదు. కాని నవ్వేవాళ్ళు లేరు గనుక, వాన పడిన నాడే పరుగెత్తుకొచ్చే అలవాటు బలపడింది.

రోహిణి మే 25 ప్రాంతాన, మృగశిర జూన్ 8 ప్రాంతాన ప్రవేశిస్తాయి. మన అనంతపురం సీమలో సాలుకు పడే వాన సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. అందులోనూ విత్తుకు పనికివచ్చే వాన ఎప్పుడు పడుతుందో, మళ్ళీ ఎన్నాళ్ళకు పడుతుందో ఎవరి చేతిలోనూ లేదు. ఎర్ర నేలలో పదును రెండు మూడు దినాలు ఆగితే గొప్ప. ఆషాఢపు గాలి తోడైతే అంతకూడా ఆగదు. ఆ రెండు మూడు దినాల్లోనే గింజ భూమిలో పడవలెను. అప్పటికే మీరు కాయలు వలిపించి, గింజకు మందు పట్టించి, బస్తాలు కట్టి ఉంచారు. వలిచిన వేరుసెనగ గింజ కాయలోని గింజవలె నెలల తరబడి నిలవ ఉండేది కాదు. ట్రాక్టరు నాలుగు రోజులు మా షెడ్డులో పడుకుంటే ఐదోనాటికి బాగయి వస్తుంది. పదును మాత్రం తిరిగి రాదు.

ఇక మా పక్కనుంచి చూడండి. క్లచ్చి ప్లేటు మార్చాలంటే ట్రాక్టరును నడుమకు రెండుగా విడదీయాలి. ఒక మెకానిక్కుకు, ఒక సహాయకునికి అది దినమంతా పని. మా వంటి అంగట్లో ఇద్దరు మెకానిక్కులు ఉన్నారనుకోండి, దినానికి రెండు క్లచ్చీలు అవుతాయి. వాన పడిన మర్నాడు వాకిట పది ట్రాక్టర్లు నిలబడితే, పదో ట్రాక్టరు తెమిలేది ఐదో దినాన. డీలరు తనవాళ్ళకు ముందు చేసి మమ్మల్ని వెనక్కి తోశాడని రైతులు నిష్ఠూరమాడతారు. అట్లాంటివాళ్ళూ మా వృత్తిలో లేకపోలేదు. కాని ఎంత ధర్మంగా వరుస పెట్టినా, ఈ లెక్క మారదు. అదే పది ట్రాక్టర్లు వైశాఖంలో దినానికి రెండు చొప్పున వస్తే ఎవరూ ఎదురు చూడనక్కర లేదు.

సామాను సంగతీ అంతే. ఫిల్టర్లు, ఫ్యాను బెల్టులు, ఆయిలు సీళ్ళు, క్లచ్చి ప్లేట్లు వంటివి ఏ అంగట్లోనైనా ఉంటాయి. హైడ్రాలిక్ పంపు, లిఫ్టు పిస్టను వంటివి అరుదుగా అడుగుతారు గనుక, నంబరు చూచి కంపెనీ డిపోకు రాసి తెప్పించాలి. డీజిలు పంపు పాడైతే మేము విప్పి చేసేది కాదు. దానికి వేరే పంపు షాపు, వేరే యంత్రం ఉన్నాయి. పాత ట్రాక్టర్ల వారు మరీ ముందుగా మేలుకోవలెను. హెచ్.ఎం.టి. వారి పింజోరు ట్రాక్టరు కర్మాగారాన్ని మూసివేయడానికి 2016లో కేంద్ర ప్రభుత్వం నిర్ణయించింది. ఆ బండ్లు మన పల్లెల్లో ఇంకా దున్నుతూనే ఉన్నాయి, గట్టి బండ్లు కూడాను. కాని వాటి సామాను వెతికి తెచ్చుకోవలసిందే. వెతకడానికి వ్యవధి కావాలి కదా!

ఇట్లా చెప్పినప్పుడు రైతులు ఒకే జవాబిస్తారు: “మా బండి బాగానే నడుస్తోందయ్యా!” నిజమే, నడుస్తోంది. వేసవి అంతా అది ట్రాలీ లాగుతోంది. ట్రాలీ లాగేటప్పుడు ఇంజను, గేర్లు, బ్రేకులు పని చేస్తే చాలు. పనిముటును ఎత్తి దించే హైడ్రాలిక్ లిఫ్టుకు, వెనుక తిరిగే పి.టి.ఓ. షాఫ్టుకు పనే లేదు. చైత్రంలో వాటికి వచ్చిన జబ్బు జ్యేష్ఠంలో విత్తనపు యంత్రం తగిలించేదాకా బయటపడదు. అందుచేత ఈ వారంలోనే ఒక పని చేయండి. ట్రాలీ విప్పేసి కల్టివేటరు తగిలించండి. లిఫ్టు పైకెత్తి, ఇంజను నడుస్తూ ఉండగా పది నిమిషాలు దూరాన నిలబడి చూడండి. కల్టివేటరు కదలకుండా నిలిస్తే సరే. కొంచెం దిగడం, మళ్ళీ ఎగరడం, మళ్ళీ దిగడం చేస్తూ ఉంటే లోపల ఆయిలు కారుతున్నదన్నమాట. సీలు పోయి ఉండవచ్చు, వాల్వు అరిగి ఉండవచ్చు. అది మెకానిక్కు చూడవలసిన పని. ఎత్తిన పనిముటు కిందికి మాత్రం ఎవరూ వంగరాదు, పిల్లలను దగ్గరకు రానివ్వరాదు. పి.టి.ఓ. షాఫ్టు మీది తొడుగు పగిలి ఉంటే కొత్తది వేయించండి. అది నిమిషానికి 540 చుట్లు తిరిగే ఇనుము. తువ్వాలు కొస, చీర చెంగు అందితే మనిషిని చుట్టుకొనిపోతుంది.

చెరువు మట్టి తోలిన బండికి ఇంకొక కష్టం దుమ్ము. ఇంజను పీల్చే గాలిని వడకట్టే ఎయిర్ క్లీనరు వేసవిలో మట్టి దిగమింగి ఉంటుంది. ఆయిలుతో పనిచేసే రకమైతే దుమ్ము పనుల్లో ప్రతిదినం మూత విప్పి చూడాలి. కింద గిన్నెలో బురద చేరితే కడిగి, గీత దాకా కొత్త ఆయిలు పోయాలి, గీత దాటి పోయరాదు. ఇప్పటి బండ్లలో కొన్నింటికి పొడి రకం కాగితపు ఫిల్టరు ఉంటుంది. దానిని డీజిలుతో కడిగితే చెడిపోతుంది. కొందరు కడిగి ఎండబెట్టి తెచ్చి నాకు చూపుతారు, శుభ్రంగా ఉందని! పొగను చూచి కూడా కొంత చెప్పవచ్చు. బరువు లాగేటప్పుడు చిక్కని నల్లపొగ వస్తూ ఉంటే గాలి చాలక గాని, ఇంజెక్టరు సరిగా చిమ్మక గాని వచ్చినది. నీలిపొగ వస్తే ఇంజను ఆయిలు కాలుతున్నదని అర్థం. ఆ పని పెద్దది, దానిని వైశాఖం చివరిదాకా నానబెట్టకండి.

మన బోరు నీళ్ళు ఉప్పు నీళ్ళు. వాటిని రేడియేటరులో పోస్తే లోపల పొక్కు కడుతుంది, బ్యాటరీలో పోస్తే పలకలు చెడిపోతాయి. బ్యాటరీకి డిస్టిల్డు వాటరు, రేడియేటరుకు కంపెనీవారు చెప్పిన కూలెంటు పోయించండి. డీజిలు డ్రమ్ములో నిలవ ఉంచేవారు దానిని కదల్చకుండా తేరనిచ్చి, అడుగుది ట్యాంకులోకి రానివ్వక, జల్లెడతో పోసుకోండి.

ఇక విత్తనపు యంత్రం. రైతులు అతి తక్కువగా పట్టించుకునేది దీనినే. గడచిన సాలు విత్తి, గోడకు ఆనించి, ఇప్పుడు దుమ్ము దులిపి పొలానికి తోలుతారు. జడ్డిగంలో గింజ వదిలే ఆడవాళ్ళ చేతికి కొలత తెలుసు. గింజ పలచబడినా, గొట్టం పూడినా వాళ్ళు వెంటనే కనిపెట్టేవారు. యంత్రానికి చెయ్యే ఉన్నది గాని చూపు లేదు. ఒక గొట్టం పూడితే ఆ సాలు పొలం కొసదాకా ఖాళీగా పోతుంది. పది దినాల తరువాత మొలక వచ్చినప్పుడు గాని మీకు తెలియదు.

అందుచేత యంత్రాన్ని పొలంలో కాక కళ్ళంలో పరీక్షించాలి. చక్రం నేలకు తగలకుండా యంత్రాన్ని ఎత్తి, కింద గట్టి దిమ్మెలు పెట్టి, ట్రాక్టరు ఇంజను ఆపండి. తొట్టిలో గింజ పోసి, చక్రాన్ని చేతితో రెండు మూడు చుట్లు తిప్పి, గింజ అన్ని గొట్టాల్లోకి దిగిందని చూచుకోండి. తరువాత గొట్టానికొక సంచి కట్టి, చక్రాన్ని సరిగా 20 చుట్లు తిప్పండి. సంచుల్లో పడిన గింజను తూకం వేయండి.

ఎంత పడాలో లెక్క చెబుతాను. మీ యంత్రానికి 9 గొట్టాలు, సాలుకు సాలుకు 30 సెంటీమీటర్లు అనుకుందాం. అంటే ఒక పోతలో 2.7 మీటర్ల వెడల్పు విత్తుతుంది. చక్రం చుట్టుకొలతను తాడుతో కొలవండి, 1.5 మీటర్లు వచ్చిందనుకోండి. 20 చుట్లకు 30 మీటర్ల దూరం. ముప్పైని 2.7తో హెచ్చవేస్తే 81 చదరపు మీటర్లు. ఎకరం 4,047 చదరపు మీటర్లు గనుక, ఇది ఎకరంలో యాభయ్యో వంతు. ఎకరానికి 60 కిలోల గింజ వేయదలచుకుంటే, సంచులన్నిటిలో కలిపి 1,200 గ్రాములు రావాలి. ఒక్కొక్క సంచిలో సుమారు 133 గ్రాములు. మీ యంత్రం కొలతలు వేరైతే, ఇదే దారిన మీ లెక్క మీరు వేసుకోండి, లేదా మాచేత వేయించుకోండి.

మొత్తం సరిపోయి ఒక సంచిలో 60 గ్రాములు, మరొక దానిలో 200 గ్రాములు ఉంటే ఆ యంత్రం సరిగా ఉన్నట్టు కాదు. తక్కువ పడిన గొట్టం కింద గింజ అందించే పళ్ళెమో, గుండో అరిగి ఉంటుంది, లేదా ఎలుక గూడు పెట్టి ఉంటుంది. నవ్వకండి, గొట్టాల్లో ఎలుక గూళ్ళు మేము ప్రతి సాలూ తీస్తాము. సంచిలో గింజ పగిలి, పొట్టు ఊడి వస్తే గుండుకు, గోడకు నడుమ సందు సరిపోలేదని తెలుసుకోండి. పగిలిన గింజ మొలవదు, దానికి మీరు డబ్బు పెట్టే ఉన్నారు. పొలంలో చక్రం కొంత జారుతుంది గనుక, అక్కడ కళ్ళంలోకన్న కాస్త తక్కువే పడుతుంది. మొదటి సాలులో రెండు మూడు చోట్ల మట్టి తవ్వి, గింజ దూరమూ, లోతూ చూచుకోవడం మానరాదు. సుమారు రెండు అంగుళాల లోతున, తడి మట్టిలో గింజ పడి ఉండాలి.

సొంత ట్రాక్టరు లేని రైతులకు ఈ మాటలతో పని లేదనుకోకండి. ఊళ్ళో ఒక ట్రాక్టరు ఇరవైమంది పొలాలు బాడుగకు విత్తుతుంది. అది నిలిచిపోతే ఇరవై కుటుంబాల పదును ఆరుతుంది. బాడుగ మాట్లాడుకునేటప్పుడే, లిఫ్టు చూపించుకున్నావా, విత్తనపు యంత్రం తూకం వేశావా అని యజమానిని అడగండి. రూపాయి ఇచ్చేవారికి అడిగే హక్కు ఉన్నది.

రైతు సేవా కేంద్రాలలో పనిచేసే వ్యవసాయ సహాయకులకూ, విస్తరణాధికారులకూ ఒక మనవి. మీ గ్రామంలో ఉన్న ట్రాక్టర్లు, విత్తనపు యంత్రాలు, వాటి కంపెనీ, రకం, కొన్న సంవత్సరం, కనిపిస్తున్న లోపం - ఈ వివరాలు ఒక కాగితం మీద రాసి వైశాఖం మొదటనే డీలర్లకు పంపండి. పట్టీ చేతిలో ఉంటే డీలరు దానికి తగిన సామాను తెప్పించి, మెకానిక్కుతో ఒక దినం మీ ఊరికే రాగలడు. పట్టీ లేకుండా పెట్టిన శిబిరంలో పూలదండలూ, ఫోటోలూ అవుతాయి గాని, మెకానిక్కు సంచిలో అవసరమైన సీలు ఉండదు. విత్తనపు యంత్రం తూకం వేయడం మీరే నేర్చుకుని చూపించవచ్చు, దానికి డీలరు కూడా అక్కరలేదు. 1983లో స్థాపించిన దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్ర శిక్షణ, పరీక్షా సంస్థ మన గార్లదిన్నెలోనే ఉన్నది. ట్రాక్టరు నడపడం, కాపాడుకోవడం అక్కడ నేర్పుతారు. ఊరికి ఒక్క డ్రైవరునైనా పంపే ప్రయత్నం చేయండి.

చివరగా, మా వంటివారి దగ్గరకు వచ్చినప్పుడు మొగమాటపడకండి. పని మొదలుపెట్టక ముందే ఖర్చు అంచనా కాగితం మీద రాయించుకోండి. మార్చిన పాత సామాను అడిగి తీసుకోండి. బిల్లు మీద తేదీ, మీటరు చూపిన గంటలు వేయించుకోండి. ఆయిలు మార్చిన గంటలు తెలియనిదే మళ్ళీ మార్చవలసిన గంటలు ఎట్లా తెలుస్తాయి? గ్యారంటీ గడువులో ఉన్న కొత్త బండికైతే పుస్తకంలో చెప్పిన గంటలకు సర్వీసు చేయించనిదే కంపెనీ వారు గ్యారంటీ ఒప్పుకోకపోవచ్చు. చవకగా దొరికిన ఊరూపేరూ లేని ఫిల్టరు మీరే కొనుక్కొచ్చి వేయమంటే వేస్తాము. కాని ఆ మాట కూడా బిల్లు మీద రాస్తాము.

వచ్చేటప్పుడు బండితోపాటు వచ్చిన పుస్తకం తెండి. విత్తనపు యంత్రాన్ని ఇంటి దగ్గర వదలి రాకండి, ట్రాక్టరుకు తగిలించుకునే రండి. బండి నడిపే డ్రైవరును తప్పక వెంటబెట్టుకురండి. ఏ గేరులో చప్పుడు వస్తుందో, ఎంత ఎండలో ఇంజను వేడెక్కుతుందో యజమానికన్న అతనికే బాగా తెలుసు. సోమవారం సంత నాడు మా దగ్గర రద్దీ, మిగిలిన ఏ దినమైనా సరే.

సెలవు.