నూర్‌బాషా సోదరులు, మన జకాత్

 



సమాజపు వెనుకబాటుతనం ప్రస్తావనకు వచ్చినప్పుడల్లా మనం 2006 నాటి సచార్ కమిటీ నివేదికను స్మరిస్తాము. ప్రభుత్వం చేయనివాటిని లెక్కిస్తాము. ఆ లెక్క న్యాయమైనదే. అయితే ముస్లింలలోనే మరింత వెనుకబడిన వర్గాలున్నాయని కూడా ఆ నివేదిక తెలిపింది. ఆ పుటలను మనం అంత ఆసక్తితో చదవము.

మన జిల్లాలలోని నూర్‌బాషాలను, అనగా దూదేకుల సోదరులను చూడండి. విల్లుతో దూది ఏకి పరుపులు కుట్టడం వారి వృత్తి. యంత్రాలు వచ్చి విల్లు మూలబడింది. స్పాంజి పరుపులు వచ్చి కుట్టుపనీ తగ్గింది. ప్రభుత్వం వారిని బి.సి.-బి జాబితాలో చేర్చింది. అచ్చుకట్లవారు, అత్తరు సాయిబులు, ఫకీర్లు మొదలైనవారికి 2007లో బి.సి.-ఇ కింద 4 శాతం కేటాయించింది. సర్కారు కాగితం గుర్తించిన లేమిని మన జమాత్ గుర్తించిందా?

వారిలో అనేకుల ఇంటిభాష తెలుగు. "ఉర్దూ రానివాళ్లు ఏం ముస్లింలు?" అనే మాట వజూఖానా దగ్గరనే వినబడుతుంది. సల్మాన్ (రజి) మాతృభాష పార్సీ. మక్కా విజయం నాడు కాబాపై నిలిచి అజాన్ పలికిన గౌరవం ఒకప్పటి బానిస బిలాల్ (రజి)కు దక్కింది. అది చూసి ముఖం చిట్లించినవారున్నారనీ, హుజురాత్ సూరా 13వ వాక్యం ఆ సందర్భంలోనే అవతరించిందనీ కొందరు వ్యాఖ్యాతలు వ్రాశారు. (మేము జుమా బయాన్ తెలుగులో ఆరంభించిన నాడు లేచి వెళ్లినవారున్నారు. నేడు వారి మనుమలు చదివేది తెలుగే.)

ఇక జకాత్. రమజానులో గేటు వద్ద పదేసి రూపాయలు పంచితే అది చేయి చాచినవానికి చేరుతుంది; చేయి చాచలేక తలుపు మూసుకున్న పరుపుల పనివానికి చేరదు. తౌబా సూరా 60వ వాక్యం పేర్కొన్న ఎనిమిది వర్గాలలో అప్పులపాలైనవారూ ఉన్నారు. రోజువారీ వడ్డీకి తెచ్చి తోపుడుబండి పెట్టుకుని, ఆ వడ్డీయే తీర్చలేకపోతున్న పేదవాడు ఆ కోవలోనివాడే. పదిమంది జకాత్ కలిస్తే ఒక ఇంటి అప్పు తీరుతుంది, ఒక కుట్టుమిషను వస్తుంది. ఒక్క విషయం మరువరాదు: ఆ మిషను అతని సొంతం కావలెను. జమాత్ పేర ఉంచి వాడుకొమ్మంటే హనఫీ ఫిఖ్హ్ ప్రకారం జకాత్ నెరవేరదు.

నేడు నమాజు అనంతరం ముతవల్లీ సాహెబ్ వద్ద ఒక రిజిస్టరు ఉంటుంది. మీ వీధిలో అప్పులో మునిగిన ఇంటి వివరం వ్రాయించండి. ఏ పేరూ మైకులో చదువబడదు.