దండుకు గింజలు మోసింది మనమే



బాన్సువాడలో బస్సెక్కి సికింద్రాబాద్‌లో దిగుతాం. ఆ పట్నం ఎట్ల పుట్టిందో తెలుసా? 1798 ఒప్పందంతో నిజాం ఇంగ్లీషు పటాలాన్ని తన రాజ్యంలో ఉంచుకున్నాడు. హుస్సేన్‌సాగర్‌కు ఉత్తరాన దండు దిగింది. 1806లో ఆ చోటుకు నిజాం సికిందర్ జా పేరు పెట్టారు. పరేడ్ మైదానం, బారకాసులు, బజార్లు లేచాయి.

దండు నడవాలంటే గింజలు కావాలి. ఆ కాలంలో దక్కన్ దండ్లకు ధాన్యం, ఉప్పు ఎద్దుల మీద మోసింది మన లదేణి వాళ్లే. టిప్పు సుల్తాన్ మీదికి పోయిన ఇంగ్లీషు సైన్యానికీ మనవాళ్లే దిక్కు.

1874లో సికింద్రాబాద్‌కు రైలొచ్చింది. రైళ్లు పెరిగిన కొద్దీ లదేణి ఆగింది, తండాలు నిలిచాయి.

పట్నానికి నవాబు పేరుంది. మోసినవాళ్ల పేర్లు ఎక్కడా లేవు. తండాలో ముసలివాళ్లను అడగండి, ఫోన్‌లో రికార్డు చేయండి. ఈ ఏడాదే చేయండి.