ఇంటికి వెలుగు



మన ఇళ్లను ప్రశాంత నిలయాలుగా చేసిన తన అనుగ్రహాన్ని అల్లాహ్ అన్‌నహ్ల్ సూరా 80వ ఆయతులో గుర్తుచేస్తున్నాడు. మనం అప్పు చేసి పాలరాయి పరిపిస్తున్నాము, గోడలకు రంగులు వేయిస్తున్నాము. కాని పని నుండి వచ్చి, ఎవరినీ పలుకరించక ఫోను పట్టుకుని కూర్చుంటున్నాము. వెనుక గదిలో వృద్ధురాలైన తల్లి మన అడుగుల చప్పుడు విని, పిలుపు కోసం ఎదురుచూస్తూనే ఉంటున్నది.

దైవప్రవక్త (స) రాత్రి నమాజులో సజ్దా చేసేటప్పుడు, ఎదుట పడుకుని ఉన్న హజ్రత్ ఆయిషా (రజి) కాళ్లు ముడుచుకోవలసి వచ్చేది. ఆ గది అంత ఇరుకు. ఆ రోజులలో ఆ ఇళ్లలో దీపాలు సైతం లేవని ఆమే తెలిపారు. ఇంట్లో ఆయన ఏమి చేసేవారని అడుగగా, ఇంటివారి పనులలో తోడ్పడేవారని, నమాజు వేళ కాగానే వెళ్లేవారని బదులిచ్చారు. దీపం లేని ఆ ఇంటికి అదే వెలుగు.

ఇళ్లలో ప్రవేశించేటప్పుడు సలాం చేయమని అన్‌నూర్ సూరా 61వ ఆయతు ఆదేశిస్తున్నది. నేడు జుమా నమాజు ముగించుకుని వెళ్లి, గడపలోనే సలాం చెబుదాము. తల్లి పక్కన కాసేపు కూర్చుందాము. వంటింట్లో ఒక పని అందుకుందాము. నఫిల్ నమాజులు కొన్ని ఇంట్లోనే చేసుకుందాము.

అల్లాహ్ మన ఇళ్లలో ప్రేమను, శుభాన్ని నింపుగాక! ఆమీన్.