చూసుకునేవాళ్ల సంగతి ఎవరు చూస్తారు?
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మన బడిలో మొదటి బ్యాచ్‌లలో చదివినవాళ్లకు ఇప్పుడు అరవై దాటింది. వాళ్ల అమ్మానాన్నలకు ఎనభై, తొంభై. అంటే మనలో చాలా ఇళ్లలో పెద్దవాళ్లను పెద్దవాళ్లే చూసుకుంటున్నారు. అలాంటి ఇంటి మనిషిగా నాలుగు మాటలు చెబుతాను.

మా అత్తగారికి పక్షవాతం వచ్చి ఆరేళ్లయింది. ఒళ్లు పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, రాత్రయినా అంతే. అన్నం మెత్తగా కలిపి, కూర్చోబెట్టి, నిదానంగా తినిపించాలి. తొందరపడితే పొలమారుతుంది. స్నానం, డైపర్లు, మందులు చేతికి అలవాటైపోయాయి. అలవాటు కానిది ఒక్కటే, ఇల్లు కదల్లేకపోవడం. ఈ ఆరేళ్లలో మేమిద్దరం కలిసి ఒక్క పెళ్లికీ వెళ్లలేదు. ఈరోజు నేనిక్కడ ఉన్నానంటే మావారు ఇంట్లో ఉన్నారు.

ఈ భారాన్ని కొలవడానికి ఒక ప్రశ్నావళి ఉంది. అమెరికాకు చెందిన స్టీవెన్ జారిట్, ఆయన సహచరులు 1980లో మొదట రూపొందించారు. ఇప్పుడు ఎక్కువగా వాడేదానిలో 22 ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 4 మార్కులు, మొత్తం 88. బడిలో మార్కులు పెరిగితే మురిసిపోయేవాళ్లం. ఇక్కడ పెరిగాయంటే చూసుకునే మనిషి కుంగిపోతున్నట్టు లెక్క. మీకంటూ కాస్త సమయం మిగులుతోందా, మీ ఆరోగ్యం దెబ్బతిందా, వాళ్ల దగ్గర ఉన్నప్పుడు కోపం వస్తోందా, ఇలా ఉంటాయి ప్రశ్నలు. అవి చదివాక నాకు ఊరట కలిగింది. అప్పుడప్పుడు నాకొచ్చే కోపం చెడ్డతనం కాదు, అలసట.

తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. పెద్దల పోషణ పిల్లల బాధ్యతని చెప్పింది. వృద్ధుల సహాయానికి 14567 నంబరు కూడా ఉంది. మంచిదే. కానీ రాత్రింబవళ్లు చూసుకునే మనిషికి ఒక పూట విశ్రాంతి ఇవ్వాల్సింది చట్టం కాదు, చుట్టూ ఉన్న మనమే.

అందుకే మన సంఘానికి మూడు విన్నపాలు.

ఒకటి, మంచాన పడ్డ పెద్దలున్న మనవాళ్ల ఇళ్లు ఏవో తెలుసుకుందాం. నెలకు ఒక్క పూట ఇద్దరిద్దరం వెళ్లి కూర్చుందాం. ఆ పూట ఇంటివాళ్లు గుడికి వెళ్తారో, డాక్టరు దగ్గరికి వెళ్తారో, పడుకుంటారో వాళ్లిష్టం.

రెండు, విదేశాల్లో ఉన్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, వీడియో కాల్లో సలహాలు తగ్గించి, వారానికి రెండు రోజులు మనిషిని పెట్టుకునే ఖర్చు పంపండి. సెలవుల్లో వచ్చినప్పుడు వారం రోజులు మొత్తం పని మీరే చేయండి.

మూడు, ఇది గురువులకు. రోగిని ఎలా లేపి కూర్చోబెట్టాలో, ఎలా తినిపించాలో పిల్లలకు నేర్పించండి. ముఖ్యంగా మగపిల్లలకు. ఈ చాకిరీ ఇప్పటికీ ఎక్కువగా కోడళ్ల మీదా కూతుళ్ల మీదా పడుతోంది.

“అత్తయ్యగారికి ఎలా ఉంది?” అని అడిగేవాళ్లకు కొదవలేదు. ఆ తర్వాత “నువ్వెలా ఉన్నావమ్మా, నిద్రపడుతోందా?” అని కూడా అడగండి. జవాబు చెప్పేదాకా కాసేపు కూర్చోండి.